కొత్తగా క్యాంపస్‌కు వచ్చినవారి ఉత్తరాలు

పీజీ కౌన్సెలింగులు ముగిసి, కొత్త విద్యార్థులు హాస్టల్ గదుల్లో పెట్టే బేడా దించుకున్న ఈ రోజుల్లో మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం వారివే. కొన్ని వారి తల్లిదండ్రులవి. ముప్పై ఏళ్లకు పైగా అర్థశాస్త్రం బోధించిన నాకు ఈ ఉత్తరాల్లోని బెంగ ఎంతో పరిచయమైనది. పేర్లు తీసేసి, ఊళ్లు మాత్రం ఉంచి, వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. చదువుకోవాలని ఇంత దూరం వచ్చిన మీ అందరికీ ముందుగా మనసారా స్వాగతం.

ప్రశ్న: నేను బడి నుంచి బీఏ దాకా తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఇప్పుడు ఎంఏ అర్థశాస్త్రంలో సీటు వచ్చింది. క్షీణోపాంత ప్రయోజన సూత్రాన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పగలను గానీ, తరగతిలో ఇంగ్లీషులో చెబుతుంటే ఒక్క ముక్కా పట్టుబడడం లేదు. పక్కనున్న వాళ్లంతా తలలూపుతుంటే నాకొక్కదానికే అర్థం కావడం లేదనిపిస్తోంది. మానేసి బీఈడీ చేయమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక విద్యార్థిని, పార్వతీపురం)

జవాబు: మానవద్దు. మీకు ధైర్యం చెప్పడం కోసమే ఈ మాట అనడం లేదు. మీకు విషయం తెలుసుననీ, దానికి ఇంగ్లీషులో ఉన్న పేర్లు మాత్రమే తెలియవనీ మీ ఉత్తరమే చెబుతోంది. విషయం తెలియకపోతే నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. పేర్లు నేర్చుకోవడానికి ఒక సెమిస్టరు చాలు.

నేను 1970ల చివర్లో వాల్తేరులో ఎంఏలో చేరినప్పుడు నా పరిస్థితీ ఇదే. మొదటి వారంలో మా అధ్యాపకులు గంటసేపు ‘డిమినిషింగ్ మార్జినల్ యుటిలిటీ’ గురించి మాట్లాడారు. ఆ మాటలు ఎలా వినిపిస్తే అలా తెలుగు లిపిలో రాసుకుంటూ కూర్చున్నాను తప్ప, అవి దేని గురించో నాకు తెలియలేదు. ఆ రాత్రి హాస్టల్లో నా గదిలోనే ఉండే సీనియరొకరు నా నోటుబుక్కు చూసి, ఆకలితో ఉన్నవాడికి మొదటి ఇడ్లీ ఇచ్చినంత తృప్తి అయిదో ఇడ్లీ ఇవ్వదు కదా, ఇదంతా అదేనని అన్నారు. ఇంటర్మీడియెట్‌లో కంఠతా పట్టిన సూత్రాన్నే పగలంతా పరాయి విద్య అనుకుని భయపడ్డానని తెలిసి ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మరునాటి నుంచి ఒక పుస్తకం పెట్టి, పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లీషు మాట రాయడం మొదలుపెట్టాను. అవకాశ వ్యయం పక్కన ఆపర్చునిటీ కాస్ట్, వ్యాకోచత్వం పక్కన ఎలాస్టిసిటీ, ఉదాసీనతా వక్రరేఖ పక్కన ఇండిఫరెన్స్ కర్వ్. అలా రోజుకు పది మాటలు రాసుకుంటూ పోతే దసరా సెలవులు వచ్చేసరికి పాఠం దాదాపు పూర్తిగా అందసాగింది.

మీరూ అలాంటి పుస్తకం ఒకటి పెట్టుకోండి. రేపు తరగతిలో ఏ పాఠం జరుగుతుందో ఇవాళే తెలుసుకుని, రాత్రి పడుకునే ముందు తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకంలో దానికి సంబంధించిన అధ్యాయాన్ని ఒకసారి చదవండి. 1968లో ఏర్పడిన ఆ సంస్థ ఇంటర్, డిగ్రీ స్థాయి పుస్తకాలను తెలుగులో తెచ్చింది మీలాంటి, నాలాంటి విద్యార్థుల కోసమే. పీజీకి వచ్చాక వాటిని తెరవడం నామోషీ అనుకోవద్దు. విషయం ముందే మనసులో ఉంటే తరగతిలో మీరు చేయవలసిన పని సగానికి తగ్గుతుంది, ఎందుకంటే తెలిసిన దానికి కొత్త పేరు వినడమే మిగులుతుంది. రేఖాపటాలు, సమీకరణాలు ఏ భాషలోనైనా ఒకటే కనుక, మాట అందనప్పుడు కళ్లు బోర్డు మీదే ఉంచండి.

ఇంగ్లీషు మెరుగుపరచుకోవడానికి చాలామంది పత్రికల సంపాదకీయాలు చదవమనో, స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులో చేరమనో సలహా ఇస్తారు. నా అనుభవంలో అది తిరుగుదారి. మీ సబ్జెక్టులోని ఇంగ్లీషుతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే అక్కడ అర్థం మీకు ముందే తెలుసు. రోజుకొక పేరా చాలు. చదివిన దాన్ని పుస్తకం మూసి ముందు తెలుగులో, తరువాత చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషులో రాయండి. వ్యాకరణం తప్పులుంటే ఉండనివ్వండి. కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఆర్ట్స్ కోర్సుల పరీక్షలను తెలుగులో రాసే వీలుంది. మీకు ఆ వీలుందేమో విభాగం ఆఫీసులో అడిగి తెలుసుకోండి. అయితే వీలున్నా ఇంగ్లీషులో చదవడం మాత్రం మానవద్దు, ఎందుకంటే పాఠ్యపుస్తకం దాటి జర్నళ్లలోకి వెళ్లదలచుకుంటే అక్కడ దొరికేది ఎక్కువగా ఆ భాషలోనే.

మరొక్క మాట. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం విజ్ఞాన శాస్త్రాలతో సహా అన్ని సబ్జెక్టులనూ ఉర్దూలో బోధించింది. పాఠ్యగ్రంథాలను ఆ భాషలోకి తేవడానికి అంతకు ముందు సంవత్సరమే ఒక అనువాద సంస్థను నెలకొల్పారు. ఆ రోజుల్లో తెలంగాణ పల్లెల నుంచి అక్కడికి వెళ్లిన తెలుగు పిల్లలు ఇంట్లో మాట్లాడని భాషలోనే పై చదువులు చదివి వకీళ్లూ డాక్టర్లూ అయ్యారు. చదువుకున్న భాష మారినందుకు తడబడడం మన ప్రాంతంలో తరతరాలుగా ఉన్నదే, మీ ఒక్కరి లోపం కాదు. పక్కన కూర్చుని తలలూపుతున్న వారిలో కొందరు మీలాగే ఇళ్లకు ఉత్తరాలు రాసుకుంటున్నారని నేను గట్టిగా చెప్పగలను.

ప్రశ్న: ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో ఉదయం అయిదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్సుతో గడిపాను. ఇప్పుడు అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలో చేరితే రోజుకు నాలుగు గంటలే క్లాసులు. తరువాత ఏం చదవమని ఎవరూ చెప్పడం లేదు. సాయంత్రానికి ఏమీ చేయలేదన్న దిగులు. ఇక్కడ చదువు నిజంగా తక్కువేనా? (ఒక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: తక్కువ కాదు. కనిపించని చోట పెట్టారు, అంతే. మీ సిలబస్‌లో ప్రతి కోర్సుకూ పక్కన క్రెడిట్లు అని ఒక అంకె ఉంటుంది, చూడండి. వారానికి ఒక గంట చొప్పున పదిహేను వారాల సెమిస్టరులో జరిగే బోధనకు ఒక క్రెడిట్ అని లెక్క. ప్రయోగశాల అయితే రెండు గంటలకు ఒకటి. అంటే నాలుగు క్రెడిట్ల కోర్సులో అధ్యాపకులు మీ ఎదుట నిలబడేది మొత్తం అరవై గంటలే. ఆ అరవై గంటల్లో మొత్తం విషయం చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు, అలా చెబుతామని ఎవరూ మాట ఇవ్వలేదు కూడా. తరగతిలో గడిపిన ప్రతి గంటకూ మీరు సొంతంగా కనీసం మరో గంట పనిచేస్తారన్న నమ్మకంతోనే సిలబస్ తయారవుతుంది. మీకు ఖాళీగా కనిపిస్తున్న మధ్యాహ్నాలు ఆ గంటలే.

రెండేళ్ల పాటు మీకు ఏ పుస్తకం ఎప్పుడు తెరవాలో మైకులో చెప్పారు. నాలుగు జవాబుల్లో సరైనదాన్ని నిమిషంలో గుర్తించడం నేర్పారు. ఆ శిక్షణ మీకు ర్యాంకు తెచ్చింది, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ జవాబు ఎందుకు సరైనదో, ఏ పరిస్థితిలో అది తప్పవుతుందో ఇక్కడ అడుగుతారు. అది నెమ్మదిగా జరిగే పని. ఒక్క లెక్క దగ్గర రెండు గంటలు కూర్చున్నా తెమలకపోతే ఇంటర్‌లో అది వెనకబాటు కింద లెక్క. ఇక్కడ ఆ రెండు గంటలే చదువు.

ఇక ఏం చేయాలన్న విషయానికి వస్తే, ఏ రోజు పాఠం ఆ రోజే, రాత్రి భోజనం గంట కొట్టేలోపు, నోట్సు చూడకుండా మళ్లీ రాయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఎర్ర సిరాతో ఒక గుర్తు పెట్టండి. పాఠాన్ని పదిసార్లు చదవడం కంటే పుస్తకం మూసి ఒకసారి గుర్తు తెచ్చుకోవడం వల్ల ఎక్కువ కాలం నిలుస్తుందని అభ్యసనంపై జరిగిన పరిశోధనలు పదే పదే చూపించాయి. నా విద్యార్థుల్లోనూ నేను అదే చూశాను. వారానికి ఒక సాయంత్రం నలుగురు స్నేహితులు కలిసి ఖాళీగా ఉన్న తరగతి గదిలో బోర్డు దగ్గర నిలబడి ఒకరికొకరు పాఠం చెప్పుకోండి. ఎర్ర గుర్తుల్లో సగం అక్కడే తీరిపోతాయి. మిగిలిన సగం ఏం చేయాలో తరువాతి ఉత్తరానికి ఇచ్చిన జవాబులో రాశాను.

అయితే మిగిలిన గంటలన్నిటినీ మళ్లీ స్టడీ అవర్సుగా మార్చుకోకండి. విభాగాల నోటీసు బోర్డులు చదివే అలవాటు చేసుకోండి. మీది రసాయన శాస్త్రమైనా చరిత్ర విభాగంలో ఎవరైనా ప్రసంగిస్తుంటే వెళ్లి వెనక వరుసలో కూర్చోండి, ఎవరూ లేచి పొమ్మనరు. ఒకే ప్రహరీ లోపల ఇన్ని శాస్త్రాలు తెలిసినవాళ్లు మీ జీవితంలో మళ్లీ దొరకరు. ఇష్టమైతే వేరే విభాగం కోర్సు ఒకటి ఎలక్టివ్‌గా తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ పోర్టల్‌లో పూర్తిచేసిన కోర్సుల ద్వారా ఒక సెమిస్టరులో 40 శాతం దాకా క్రెడిట్లు పొందే వీలును విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2021లో కల్పించింది. మీ విశ్వవిద్యాలయం ఏ కోర్సులను అంగీకరిస్తుందో మాత్రం చేరకముందే కనుక్కోవాలి.

ప్రశ్న: సార్ గదికి వెళ్లి సందేహం అడగాలంటే కాళ్లు వణుకుతాయి. తలుపు దాకా వెళ్లి రెండుసార్లు తిరిగి వచ్చేశాను. తెలివితక్కువ ప్రశ్న అనుకుంటారేమో. (ఒక విద్యార్థిని, మిర్యాలగూడ)

జవాబు: ఆ తలుపుకు లోపలివైపు కూర్చున్న మనిషిగా నాకు తెలిసింది చెబుతాను. నేను పనిచేసిన ఏళ్లన్నిటిలోనూ జులై, ఆగస్టు నెలల్లో నా గది తలుపు తీసే ఉండేది. మొదటి నెలలో లోపలికి వచ్చిన విద్యార్థులను ఏ సంవత్సరమైనా వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పరీక్షలకు ముందు వారంలో మాత్రం వరండా నిండిపోయేది. ఆగస్టులో వచ్చిన పిల్ల అడిగిన ప్రశ్నకు అరగంట కేటాయించగలిగేవాణ్ణి. పరీక్షల ముందు అదే ప్రశ్నకు రెండు నిమిషాలు కూడా ఉండేవి కావు. ‘తెలివితక్కువ ప్రశ్న’ అని నేను ఎవరి గురించీ అనుకోలేదు. ఆ ప్రశ్న వల్ల నా పాఠంలో ఎక్కడ ఒక మెట్టు దాటేశానో తెలిసి, మరుసటి ఏడు పాఠం మార్చుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

‘అర్థం కాలేదండీ’ అంటే మాత్రం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో మాకు తెలియదు. అందుకని వెళ్లే ముందు ప్రశ్నను కాగితం మీద రాసుకోండి. ఇక్కడి దాకా వచ్చింది, ఈ వరుస నుంచి కింది వరుస ఎలా వచ్చిందో తెలియలేదు అని చూపించండి. తెలుగులోనే అడగండి. అలా రాసే ప్రయత్నంలో ఒక్కోసారి జవాబు మీకే తట్టి, గదికి వెళ్లవలసిన అవసరమే లేకపోవచ్చు.

అందరు అధ్యాపకులూ ఒకేలా ఉండరన్నదీ నిజమే. విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక పెద్దమనిషి నా ప్రశ్న వినకుండానే, ముందు ఇంగ్లీషు నేర్చుకుని రమ్మని నన్ను అందరి ఎదుటా పంపేశారు. ఆ తరువాత ఏడాది పాటు తరగతిలో నోరు తెరవలేదు. ఆ ఏడాది నాకు జరిగిన నష్టం ఇప్పటికీ గుర్తుంది కాబట్టే మీకు ఇది రాస్తున్నాను. ఒక తలుపు దగ్గర అలా జరిగితే రెండో తలుపుకు వెళ్లండి. విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్న స్కాలర్లు ఉంటారు. నాలుగైదేళ్ల కిందట వాళ్లూ మీ బెంచీల్లోనే కూర్చున్నారు కనుక మీ ఇబ్బంది అధ్యాపకుల కన్నా త్వరగా గ్రహిస్తారు.

ప్రశ్న: మా విశ్వవిద్యాలయంలో లైబ్రరీ చాలా పెద్దది. కానీ పరీక్షలకు గైడు, పాత ప్రశ్నపత్రాలు చాలని సీనియర్లు అంటున్నారు. మరి లైబ్రరీ ఎందుకు? (ఒక విద్యార్థి, నంద్యాల)

జవాబు: ఉత్తీర్ణులు కావడానికి గైడు చాలుతుంది, ఆ మాటలో అబద్ధం లేదు. గైడు రాసినవారు ఎవరి పుస్తకాన్ని కుదించారో, కుదించేటప్పుడు ఏం వదిలేశారో తెలుసుకోవాలంటే మాత్రం లైబ్రరీకి వెళ్లాలి. మన క్యాంపస్‌లలో రీడింగ్ రూము గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదివేవారితో తెల్లవారకముందే నిండిపోతుంది. వారి కష్టం మీద నాకు గౌరవం ఉంది. కానీ అదే భవనంలో పుస్తకాల బీరువాల మధ్య నడవాలు ఖాళీగా ఉంటాయి. మీరు అక్కడికి వెళ్లండి.

మొదటిసారి ఏ పుస్తకం కోసమూ వెతకకండి. చాలా లైబ్రరీల్లో పుస్తకాలను డ్యూయీ దశాంశ పద్ధతిలో అమరుస్తారు. అర్థశాస్త్రం 330 దగ్గర, గణితం 510 దగ్గర, తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటాయి. మీ సబ్జెక్టు అంకె తెలుసుకుని, ఆ వరుస ముందు నిలబడి ఒక గంట ఊరికే పుస్తకాలు తీసి చూడండి. అడిగిన పుస్తకానికి అటూ ఇటూ ఉన్న పుస్తకాలే చాలాసార్లు మనకు కావలసినవి. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది, పుస్తకాలు ఉపయోగించుకోవడానికే అన్నది. కౌంటరు దగ్గర సిబ్బంది విసుక్కుంటే ఆ సూత్రాన్ని గుర్తు చేసుకుని, మర్యాదగానే మళ్లీ అడగండి.

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో తెలుగులో రాసినవీ ఉన్నాయి.

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీలో చేరింది. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉండడం ఇదే మొదటిసారి. రోజూ ఏడుస్తూ ఫోను చేస్తోంది. ర్యాగింగ్ ఏమైనా జరుగుతోందేమోనని భయంగా ఉంది. అడిగితే ఏమీ లేదంటోంది. (ఒక తల్లి, ఆలూరు)

జవాబు: అమ్మా, మీ భయంలో తప్పు లేదు. అయితే మొదటి నెలలో ఏడుపుకు చాలాసార్లు ఇంటి బెంగే కారణం. ‘ఎవరైనా ఏమైనా అన్నారా’ అని పదే పదే అడిగితే, మీరు కంగారు పడతారని పిల్ల ఉన్న విషయం కూడా దాచవచ్చు. రాత్రి ఎవరి గదిలో కూర్చున్నారు, మెస్‌లో ఎవరి పక్కన తిన్నావు, ఫ్రెషర్స్ పార్టీ ఎప్పుడు, నిన్న ఎన్నింటికి పడుకున్నావు వంటివి మామూలుగా అడగండి. సీనియర్ల పేరు ఎత్తగానే మాట మార్చినా, రాత్రిళ్లు నిద్ర ఉండడం లేదన్నా, ఉన్నట్టుండి డబ్బు పంపమన్నా అప్పుడు ఆలోచించాలి.

ఆ పరిస్థితే వస్తే మీ వెనక చట్టం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం, చేయి చేసుకోకపోయినా ఎగతాళి చేయడం, అవమానించడం కూడా ఆరు నెలల దాకా జైలు శిక్ష పడదగిన నేరాలే. 2009లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం కొత్తవారిని వీలైనంత వరకు వేరే హాస్టల్ బ్లాకులో ఉంచాలి, నేరం జరిగినట్లు తెలిస్తే సంస్థాధిపతి 24 గంటల్లో పోలీసులకు ఫిర్యాదు చేయాలి. యూజీసీ సహాయ కేంద్రం నంబరు 1800-180-5522 పగలూ రాత్రీ పనిచేస్తుంది. లైంగిక వేధింపులైతే, ప్రతి విద్యాసంస్థలోనూ ఉండవలసిన అంతర్గత ఫిర్యాదుల కమిటీని ఆశ్రయించవచ్చు. హాస్టల్ వార్డెన్ నంబరు ఇవాళే తీసి మీ దగ్గర రాసుకోండి.

ఇంటి బెంగే అయితే, రోజుకొక వేళ నిర్ణయించుకుని అప్పుడే మాట్లాడండి. గంటగంటకూ మాట్లాడితే పిల్ల మనసు అక్కడ కుదురుకోదు. మొదటి శనివారమే వచ్చేయమని కూడా అనకండి, దసరా దాకా ఆగనివ్వండి. వారాలు గడిచినా తిండి, నిద్ర దారికి రాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఆమెను మాట్లాడమనండి, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మార్కుల గురించి కాకుండా, ఈ నెలల్లో నేర్చుకున్నది ఒకటి మీకు అర్థమయ్యేలా చెప్పమని అడగండి. మీరు చదువుకోలేదని రాశారు. అది అడ్డు కాదు, ఓపికగా వినే అమ్మకు చెప్పడంలో పాఠం పిల్లకే స్పష్టపడుతుంది.

ప్రశ్న: నాకు చివరి విడత కౌన్సెలింగ్‌లో సీటు వచ్చింది. నెల రోజుల పాఠాలు పోయాయి. హాజరు సరిపోదేమోనని భయం. (ఒక విద్యార్థి, మహబూబాబాద్)

జవాబు: చాలా విశ్వవిద్యాలయాల్లో పరీక్షకు 75 శాతం హాజరు కావాలి. ఆలస్యంగా చేరినవారికి ఆ లెక్క ఏ తేదీ నుంచి మొదలవుతుందో సోమవారం ఉదయమే విభాగం ఆఫీసులో అడిగి, మీరు చేరిన తేదీ రిజిస్టరులో పడిందో లేదో మీ కళ్లతో చూసుకోండి. వైద్య కారణాలతో తగ్గిన హాజరుకు ఇచ్చే మినహాయింపును (కండొనేషన్) నమ్ముకుని ఇప్పటినుంచే క్లాసులు వదలవద్దు. పోయిన పాఠాల నోట్సును ఒకే స్నేహితుడి దగ్గర కాకుండా ఇద్దరి దగ్గర తీసుకుని పోల్చి చూడండి, ఒకరు వదిలేసింది రెండోవారి దగ్గర ఉంటుంది. మొదటి ఇంటర్నల్ పరీక్ష ఎప్పుడో కనుక్కుని, అంతకు ముందే ప్రతి అధ్యాపకుణ్ణీ ఒకసారి కలిసి, నేను నెల ఆలస్యంగా చేరాను, తప్పనిసరిగా చదవవలసిన రెండు అధ్యాయాలు చెప్పండని అడగండి.